మన ఇంటి స్కోరు పుస్తకంలో ఏం రాస్తున్నాం?

బేస్‌బాల్ గురించి రాస్తున్నానంటే మా వారు నవ్వారు. "ఓవర్‌కి ఎన్ని బంతులో ఇప్పటికీ అడుగుతావు. నువ్వు అమెరికా ఆట గురించి రాస్తావా?" అన్నారు. నిజమే. ఆటల్లో నా పాండిత్యం అష్టాచమ్మా దగ్గరే ఆగిపోయింది. కానీ 2024 జూన్‌లో మా డాబా మీద ఒక పదేళ్ల పిల్లాడు సుద్దముక్కతో గీసి చెప్పిన ఆ ఆట, మా ఇంట్లో ఒక చెడ్డ అలవాటుని మాన్పించింది. పూర్తిగా కాదు, చాలావరకు. మీ ఇళ్లల్లోనూ ఆ అలవాటు ఉండొచ్చని నా అనుమానం. అందుకే ఈ కబురు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మావాడు అప్పుడు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. విజయవాడలో ఎంపీసీ చదివే పిల్లాడున్న ఇల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రెండేళ్లు టీవీ రిమోట్ బీరువాలోనే ఉంది. పెళ్లిళ్లకి ఒకళ్లం వెళ్తే ఒకళ్లం ఇంట్లో ఉండిపోయేవాళ్లం. ఆదివారం కూడా పరీక్షే. జనవరి మెయిన్స్‌లో వాడికి మంచి పర్సంటైల్ వచ్చింది. కాలేజీ వాళ్లు గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీలో రెండో వరసలో వాడి ఫొటో వేశారు. నేను ఆ ఫ్లెక్సీని ఫోన్లో ఫొటో తీసి పుట్టింటి గ్రూపులోనూ, అత్తింటి గ్రూపులోనూ, చిన్ననాటి స్నేహితురాళ్ల గ్రూపులోనూ పెట్టాను. వీధిలో నాలుగిళ్లకి బందరు లడ్డూలు పంచాను.

జూన్‌లో అడ్వాన్స్‌డ్ ఫలితం వచ్చింది. కొద్దిలో అర్హత మార్కు అందలేదు. మెయిన్స్ ర్యాంకుకి వాడు కోరుకున్న బ్రాంచి వచ్చే దారీ కనబడలేదు. వారం తిరిగేసరికి గేటు దగ్గర కొత్త ఫ్లెక్సీ కట్టారు. అందులో మావాడు లేడు. అది వాడి కంట పడకూడదని మా వారు బండిని వేరే వీధిలోంచి తిప్పేవారు. వాడికి మాకంటే ముందే తెలుసు.

ఆ పది రోజులు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను చెప్పే చెడ్డ అలవాటు అదే. ఏమీ అనకపోవడం. వాడు అన్నానికి వస్తే మా మాటలు ఆగిపోయేవి. ఆయన పేపర్లో తలపెట్టేవారు. ఎవరైనా ఫోన్ చేస్తే నేను వంటింట్లోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని, ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు చేసినట్టు. తిట్టడం లేదు కదా, మేం మంచి తల్లిదండ్రులమే అనుకున్నాం. ఆ మౌనమే పెద్ద తిట్టు అని అప్పట్లో నాకు తోచలేదు.

సరిగ్గా అప్పుడే డాలస్ నుంచి మా అక్క, వాళ్లబ్బాయి బంటి సెలవులకి వచ్చారు. బంటి సూట్‌కేసులో బట్టలకంటే ముందు తోలు గ్లవ్ ఒకటి, బంతి ఒకటి బయటికొచ్చాయి. సత్యనారాయణపురంలో మాది పాత డాబా ఇల్లు. సాయంత్రం నేను మాగాయ ముక్కలు ఎత్తుతుంటే వాడు డాబా మీద గాలిపటం ఆకారంలో గీత గీశాడు. మూడు మూలల్లో మూడు చెప్పులు పెట్టాడు. నాలుగో మూలలో మా అత్తయ్యగారు కూర్చునే చెక్కపీట పెట్టి "ఇది హోమ్" అన్నాడు.

వాడికి వచ్చిన తెలుగులో వాడు చెప్పింది ఇది. బ్యాటర్ హోమ్ దగ్గర మొదలుపెడతాడు. బంతి కొట్టి ఒకటో బేస్, రెండో బేస్, మూడో బేస్ దాటి మళ్లీ హోమ్‌కి రావాలి. వస్తేనే రన్. మూడో బేస్ దాకా వచ్చి అక్కడే ఆగిపోతే ఏమీ లేదు.

"అంటే ఇంట్లోంచి బయల్దేరి మళ్లీ ఇల్లు చేరితేనే లెక్కన్నమాట" అన్నారు అత్తయ్యగారు.

"అవును మామ్మా" అన్నాడు బంటి. దాంతో ఆవిడకి ఆ ఆట నచ్చేసింది.

నాకు నచ్చింది మాత్రం వాడి పుస్తకం. వాడి దగ్గర గళ్లగళ్ల స్కోరు పుస్తకం ఒకటుంది. టీవీలో మ్యాచ్ చూస్తూ అన్నీ అందులో రాస్తాడట. ఎవరు కొట్టారు, ఎవరు అవుటయ్యారు, ఎలా అవుటయ్యారు, ఎవరు బంతి జారవిడిచారు, అన్నీ. ఆ దేశంలో స్టేడియం బోర్డు మీద రన్స్, హిట్స్ పక్కనే ఎర్రర్స్ అని మూడో గడి కూడా ఉంటుంది. తప్పుల లెక్క వేలమంది చూస్తుండగా అక్కడే వెలుగుతూ ఉంటుంది. ఆడేవాళ్లు దాని కిందే ఆడుకుంటూ పోతారు.

ఇంకొకటి చెప్పాడు. ఒక్కోసారి బ్యాటర్ తను అవుటవుతానని తెలిసీ బంతిని మెల్లిగా తట్టి ముందు పడేస్తాడు. అవతలివాళ్లు అది ఏరుకుని ఇతన్ని అవుట్ చేసేలోపు, బేస్ మీదున్న తోటివాడు ఒక బేస్ ముందుకి వెళ్తాడు. దాన్ని శాక్రిఫైస్ అంటారు. పుస్తకంలో ఆ పేరుతోనే రాస్తారు. పైగా ఆ అవుట్‌ని అతని బ్యాటింగ్ సగటులోంచి తగ్గించరు. త్యాగం చేసినవాడి ఖాతాలో అది ఓటమిగా పడదు.

మాగాయ ముక్కలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మన ఇళ్లల్లో ఈ గడి ఎక్కడుంది చెప్పండి?

ఆ రోజు వాడి లెక్కలు ఇంకా విన్నాను. బేస్‌బాల్‌లో పది సార్లు బ్యాటు పట్టి మూడు సార్లు బాగా కొట్టగలిగినవాడు గొప్ప ఆటగాడు. ఏడుసార్లు విఫలమైనా అంతే. 1941లో టెడ్ విలియమ్స్ అనే ఆయన ఏడాది మొత్తం మీద పదింట నాలుగు కొట్టాడని, అంటే .406 సగటు సాధించాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. పదింట మూడు గెలిచి కూడా సమర్థుడు అనిపించుకోగలిగే వృత్తి ఇదొక్కటే అని ఆయనే అన్నాడని చెబుతారు. పెద్ద లీగ్‌లో ఒక్కో జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. బంటి వాళ్ల ఊరి జట్టు టెక్సస్ రేంజర్స్ 2023లో చాంపియన్. ఆ ఏడాది లీగ్‌లో వాళ్లు 90 గెలిచి 72 ఓడారు. డెబ్భై రెండు ఓటములున్న చాంపియన్! మన దగ్గర ఒక్క వారం టెస్టులో ర్యాంకు పడిపోతే ఇంటికి ఫోన్ వస్తుంది.

బంటి గ్లవ్ మీద ఒక పేరు రాసుకున్నాడు. కుమార్. "కుమార్ అంటే మనవాడేనా?" అన్నారు అత్తయ్యగారు. మనవాడే, సగం. కుమార్ రాకర్ అమ్మ తరపు తాతా అమ్మమ్మా ఆంధ్ర నుంచి అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు. నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, తర్వాత కోచ్. కుమార్ పిచర్, అంటే బంతి విసిరేవాడు.

అతని కథ బంటి చెబుతుంటే మావాడు మెట్ల మీదికొచ్చి కూర్చున్నాడు. పది రోజుల్లో వాడు గది దాటి పైకి రావడం అదే మొదలు. నేను చూసీ చూడనట్టు ఉండిపోయాను.

2018లో కుమార్ హైస్కూలు పూర్తిచేశాడు. అక్కడ జట్లు ఆటగాళ్లని వరసగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ ఏడు అతన్ని ఎక్కడో చివర, 38వ రౌండులో పిలిచారు. వద్దనుకుని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు. మొదటి ఏడాదిలోనే, 2019 జూన్ 8న, డ్యూక్ యూనివర్సిటీ మీద మ్యాచ్. ఓడితే ఇంటికే. ఆ రోజు మ్యాచ్ అంతా తనొక్కడే విసిరి, అవతలివాళ్లని ఒక్క హిట్ కూడా కొట్టనివ్వలేదు. 19 మందిని బంతి తగలకుండానే వెనక్కి పంపాడు. దేశమంతా పేరు మోగిపోయింది. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ కాలేజీ చాంపియన్ అయింది.

2021 జూలైలో న్యూయార్క్ మెట్స్ జట్టు అతన్ని పదోవాడిగా ఎంచుకుంది. అరవై లక్షల డాలర్లకి మాట కుదిరిందని పేపర్లలో వచ్చింది. తర్వాత వైద్య పరీక్ష చేశారు. చేతి విషయంలో అనుమానపడ్డారు. గడువు రోజు వచ్చింది, వెళ్లిపోయింది. మెట్స్ అతనికి కాంట్రాక్టే ఇవ్వలేదు.

"అంటే, అందరికీ చెప్పేశాక తీసేశారా?" అని మెట్ల మీంచి మావాడి గొంతు.

"అవునన్నా. అందరికీ చెప్పేశాక."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నాకు గేటు పక్కన ఫ్లెక్సీ కళ్లముందు కనబడింది. దాన్ని మూడు గ్రూపుల్లో పెట్టిన నా వేలు కూడా.

"తర్వాత?" అన్నాడు మావాడు.

ఆ సెప్టెంబర్‌లో కుమార్ భుజానికి చిన్న ఆపరేషన్ అయింది. 2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టులో ఆడాడు. పెద్ద లీగ్‌తో సంబంధం లేని, చిన్న ఊళ్ల ఆట అది. దేశమంతా తెలిసిన కుర్రాడు అక్కడికి వెళ్లి బంతి విసిరాడు. ఆ జూలైలో రేంజర్స్ అతన్ని ఎంచుకున్నారు. ఈసారి మూడోవాడిగా. యాభై రెండు లక్షల డాలర్లు. కథ సుఖాంతం అనుకుంటున్నారా? 2023 మేలో మోచేతికి మళ్లీ ఆపరేషన్. లిగమెంట్ చెడిపోతే శరీరంలో మరోచోటి నుంచి తీసిన ముక్క వేసి కుడతారట. 1974లో మొదట చేయించుకున్న ఆటగాడి పేరుతో దాన్ని టామీ జాన్ సర్జరీ అంటారు. ఏడాదికి పైగా ఆట ఉండదు.

"ఇప్పుడేం చేస్తున్నాడు?" అన్నాడు మావాడు.

"చెయ్యి బాగు చేసుకుంటున్నాడు" అన్నాడు బంటి, అదీ ఒక పనే అన్నట్టు.

ఆ రాత్రి మావాడు అందరితో కూర్చుని అన్నం తిన్నాడు. తింటూ తనే అన్నాడు, "అమ్మా, నా ఫ్లెక్సీ తీసేశారు, చూశావా?" అని. చూశానన్నాను. "లడ్డూలు నేనే పంచాను, తప్పు నాది" అన్నాను. ఆయన పేపరు పక్కన పెట్టారు. అంతే జరిగింది. కానీ ఇంట్లోకి గాలి వచ్చినట్టయింది.

నేను బీయే తెలుగు చదివినదాన్ని. ఉద్యోగపర్వంలో విదుల కథ చదువుకున్నాం. యుద్ధంలో ఓడి వచ్చి మంచమెక్కిన కొడుకు సంజయుణ్ని ఆ తల్లి మాటలతో చీల్చి లేపుతుంది. తన కొడుకులకి చెప్పమని కుంతి ఆ కథని కృష్ణుడికి చెబుతుంది. పరీక్షలో ఆవిణ్ని వీరమాత అని మెచ్చుకుంటూ రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు రాయమంటే అలా రాయలేను. రాజ్యం పోయిన రాజుకి ఆ మాటలు కావాలేమో. పదిహేడేళ్ల పిల్లాడికి కావలసింది ముందు ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి. ఒక్కటి మాత్రం విదుల దగ్గర నేర్చుకోవాలి. ఆవిడ కొడుకు ఓటమి గురించి కొడుకుతోనే మాట్లాడింది. వంటింట్లోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడలేదు.

బంటి వెళ్లాక ఆ ఆట గురించి నేనే వెతుక్కుని చదివాను. అలా దొరికినవాడు లూ గెరిగ్. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు. జర్మనీ నుంచి వలస వచ్చిన పేద కుటుంబం. వాళ్లమ్మ కొలంబియా యూనివర్సిటీ విద్యార్థుల వసతిగృహంలో వంటపని చేసేది. కొడుకు ఇంజనీరు కావాలని ఆవిడ కోరిక! న్యూయార్క్ అయినా విజయవాడ అయినా అమ్మల కోరిక ఒకటే. కొడుకు ఇంజనీరింగులో చేరాడు, మధ్యలో వదిలేసి 1923లో యాంకీస్‌లోకి వెళ్లాడు. వరసగా 2,130 మ్యాచ్‌లు, ఒక్కటి కూడా తప్పకుండా ఆడాడు. 1939లో ఒళ్లు స్వాధీనం తప్పడం మొదలైంది. కండరాలు కృశించిపోయే, మందు లేని జబ్బు. నన్ను ఆడించకండి అని తనే మేనేజరుకి చెప్పి పక్కకి తప్పుకున్నాడు.

ఆ జూలై 4న స్టేడియంలో అరవై వేలమందికి పైగా జనం ముందు మైకు పట్టుకుని ఏం మాట్లాడాడనుకున్నారు? కొట్టిన పరుగుల గురించి కాదు. తనంత అదృష్టవంతుడు లేడన్నాడు. మైదానం శుభ్రం చేసేవాళ్లని తలుచుకున్నాడు. తన చదువు కోసం జన్మంతా కష్టపడిన అమ్మానాన్నల్ని తలుచుకున్నాడు. భార్య ధైర్యాన్ని చెప్పాడు. సొంత కూతురితో గొడవొస్తే అల్లుడి వైపు మాట్లాడే అత్తగారిని కూడా వదల్లేదు! రెండేళ్లకి, 37 ఏళ్ల వయసులో పోయాడు. ఆ మాటలు చదివి నేను ఏడ్చాను. ఎవరూ రాయని లెక్క ఆయన అంతమంది ముందు పైకి చదివాడనిపించింది.

మన లెక్కలోకి వద్దాం. పిల్లవాడి ర్యాంకు వస్తే ఫ్లెక్సీలో వాడి ఫొటో, కాలేజీ పేరు ఉంటాయి. పొద్దున్నే నాలుగున్నరకి లేచి క్యారేజీ కట్టినామె ఎక్కడా ఉండదు. సరే, ఉండక్కర్లేదు. కానీ "మీరేం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అని మనమే అంటాం చూడండి, అది నాకిప్పుడు మింగుడు పడటం లేదు. ఇరవయ్యేళ్లు మనం తట్టిన బంతుల మీద ఎంతమంది ఒక్కో బేస్ ముందుకి వెళ్లారు! మన పుస్తకంలో అది ఖాళీ గడి.

ఇంకో మాట. ఆ ఆటలో శాక్రిఫైస్ చేసినవాడికి తర్వాత తన వంతు మళ్లీ వస్తుంది. అప్పుడు బలం కొద్దీ కొడతాడు. ప్రతిసారీ నువ్వే అవుటవ్వు అని ఏ మేనేజరూ ఒకే మనిషికి చెప్పడు. మన ఇళ్లల్లో చెబుతాం. చెప్పకపోయినా కొంతమంది ఆడవాళ్లు తమంతట తామే అలా నిలబడిపోతారు. కూతుళ్లకి త్యాగం నేర్పేటప్పుడు తర్వాతి వంతు గురించి కూడా నేర్పాలి.

మా అక్క చెల్లెళ్లలో ఒకామె ఇదంతా విని, "కుమార్‌కేం, పేరున్న తండ్రి, చేతిలో కళ. మనవాళ్లకి రెండో డ్రాఫ్ట్ ఎక్కడుందే?" అంది. న్యాయమైన మాటే. దివిసీమలో కౌలు చేసుకునేవాళ్ల పిల్లాడికి లాంగ్‌టర్మ్ కోచింగ్ ఫీజు కట్టేవాళ్లెవరు? రెండో అవకాశం అందరికీ ఒకేలా రాదు. అందుకే ఓడితే మంచిదే, మళ్లీ గెలుస్తావు అనే తియ్యటి మాట నేను చెప్పను. కుమార్ కథ కూడా ఇంకా తియ్యగా ఏమీ లేదు. 2025లో పై జట్టుకీ కింది జట్టుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. నేననేది ఒక్కటే. సీటు మన చేతిలో లేదు. ఫలితం వచ్చిన రాత్రి భోజనం మన చేతిలో ఉంది.

ఆ సెప్టెంబర్ విజయవాడకి గుర్తే. ఒకటో తేదీన బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మా పిన్ని ఇల్లు సింగ్‌నగర్‌లోనే, కింది వాటా. అప్పటికి మావాడు ఊళ్లోనే ఒక మామూలు ఇంజనీరింగ్ కాలేజీలో చేరి నెల కాలేదు. ముగ్గురు స్నేహితులతో నడుములోతు నీళ్లలో పాల ప్యాకెట్లు, మంచినీళ్లు మోశాడు. డెబ్భై ఏళ్ల మా పిన్నిని ట్రాక్టర్ ఎక్కించి తీసుకొచ్చాడు. ఆ రాత్రి స్కోరు పుస్తకం మాటలు గుర్తొచ్చి, నా ఖర్చుల డైరీలో పాల లెక్క కింద తేదీ వేసి రాసుకున్నాను. అది ఏ ఫ్లెక్సీలోనూ రాదు మరి.

13వ తేదీ పొద్దున పిన్ని ఇంట్లో బురద ఎత్తుతుంటే అక్క ఫోన్. బంటి కేకలు. "పిన్నీ, కుమార్ ఆడాడు!" అక్కడ 12వ తేదీ, సియాటిల్‌లో, పెద్ద లీగ్‌లో అతని మొదటి మ్యాచ్. మావాడు చీపురు పట్టుకునే ఫోన్ దగ్గరికొచ్చి "ఎంతమందిని తీశాడ్రా?" అన్నాడు. నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని. వీడి మొహం ఎంత వెలిగిందో! బురదలో నిలబడి నవ్వుతున్నాడు.

ఇప్పుడు వాడు రెండో ఏడాది చదువుతున్నాడు. టాపరేమీ కాదు. మొన్న ఒక రాత్రి పప్పు కలుపుకుంటూ, "నాన్నా, మ్యాథ్స్ ఒక పేపర్ పోయింది" అన్నాడు. తలొంచుకోలేదు, గదిలోకి పోలేదు. మామూలుగా చెప్పాడు.

ఆయన ఒక్క క్షణం ఆగారు. నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత గరిటెతో ఇంకాస్త పప్పు వాడి కంచంలో వేసి అడిగారు, "సప్లీ ఎప్పుడురా?"